సున్నితమైన చర్మానికి వయసు ఛాయలు తగ్గించుకునే పద్ధతి: మంట లేకుండా, నిదానంగా

ముడతలు తగ్గించే క్రీముల్లో ఒక చిక్కు ఉంది. వాటిలో నిజంగా పనిచేస్తాయని రుజువైన పదార్థాలు చాలావరకు చర్మాన్ని ఎంతో కొంత రెచ్చగొట్టేవే. గట్టి చర్మం ఉన్నవారు రెండు మూడు వారాల పాటు పొట్టు రేగడాన్నీ ఎర్రదనాన్నీ ఓర్చుకుని ఆ దశ దాటిపోతారు. ముఖం కడుక్కోగానే చర్మం పట్టేసినట్టయ్యేవారు, కొత్త క్రీము రాసిన నిమిషానికే చెంపలు చురుక్కుమనేవారు మాత్రం ఆ దశ దాటలేక, సీసా సగం కూడా కాకముందే దాన్ని పక్కన పెట్టేస్తారు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి ప్రధానంగా వారి కోసం. ఏ పదార్థం మంచిది అన్న ప్రశ్న కంటే దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత రాయాలి, ఎన్ని రోజులకు ఒకసారి రాయాలి అన్న ప్రశ్నలే సున్నితమైన చర్మానికి ముఖ్యమైనవి. మంట పుట్టిందంటే మందు పనిచేస్తున్నట్టే అనే నమ్మకాన్ని మాత్రం మొదటే వదులుకోవాలి.

ఈ మాటకు ఆధారం ఉంది. 1995లో వెలువడిన ఒక పరీక్షలో, ఎండకు దెబ్బతిన్న ముఖచర్మం ఉన్నవారిలో కొందరికి 0.1 శాతం, మరికొందరికి 0.025 శాతం ట్రెటినాయిన్ (విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందు) క్రీమును 48 వారాల పాటు ఇచ్చి చూశారు. ముడతలు, మచ్చలు తగ్గడంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎర్రబారడం, పొట్టు రేగడం మాత్రం ఎక్కువ గాఢత క్రీము వాడినవారిలోనే బాగా ఎక్కువగా ఉన్నాయి. అంటే నాలుగింతల గాఢత తెచ్చిపెట్టింది నాలుగింతల ఫలితం కాదు, అదనపు మంట మాత్రమే. సున్నితమైన చర్మం ఉన్నవారు దుకాణంలో సీసా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ గుర్తుంచుకోవలసిన ఫలితం ఇది.

ముందుగా సున్నితత్వాన్ని గుర్తించడం

దురద మీద పరిశోధనలు చేసే ఒక అంతర్జాతీయ నిపుణుల వేదిక 2017లో సున్నిత చర్మానికి ఒక నిర్వచనం ఇచ్చింది. మామూలుగా ఏ ఇబ్బందీ కలిగించకూడని వేడి, చలి, గాలి, నీరు, సౌందర్య సాధనాల వంటి వాటికి చర్మం మంటగా, చురచురగా, దురదగా, నొప్పిగా స్పందించడమే సున్నితత్వం అని దాని సారాంశం. ఆ సమయంలో చర్మం ఎర్రబడవచ్చు, పైకి ఏమీ కనిపించకపోవచ్చు కూడా. కాబట్టి ‘నీ ముఖం బాగానే ఉందిగా’ అని పక్కవారు అన్నంత మాత్రాన మీ బాధ ఊహ కాదు. చర్మంలోని సన్నని నాడీ తంతువుల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. మిరపకాయలోని ఘాటును, ఒంటికి తగిలే వేడిని పసిగట్టేది అదే. సున్నిత చర్మంలో ఈ గ్రాహకం అతిగా స్పందిస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. చర్మవైద్యులు దీన్ని పరీక్షించే తీరు కూడా ఆసక్తికరమైనదే. ముక్కు పక్కనుంచి పెదవి చివర వరకు దిగే గీత మీద లాక్టిక్ ఆమ్లాన్ని రాసి, కొన్ని నిమిషాల్లో ఎంత చురుక్కుమందో అడిగి తెలుసుకుంటారు. 1977లో ఫ్రోష్, క్లిగ్‌మన్ ఈ పద్ధతిని వివరించారు.

అయితే మండే చర్మమంతా సున్నిత చర్మం కాదు. చెంపల మీదా ముక్కు మీదా నెలల తరబడి ఎర్రదనం నిలిచిపోయి, సన్నని రక్తనాళాలు గానీ చిన్న పొక్కులు గానీ కనిపిస్తుంటే అది రొసేసియా కావచ్చు. కనుబొమల్లోనూ ముక్కు పక్కల్లోనూ జిడ్డు పొలుసులు వస్తుంటే సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. ఒక వస్తువు వాడిన ఒకటి రెండు రోజుల తర్వాత దురదతో దద్దుర్లు లేస్తుంటే అలర్జీ కావచ్చు. ఈ మూడింటికీ విడివిడిగా చికిత్సలున్నాయి. వాటిని సరిచేయకుండా ముడతల క్రీము మొదలుపెడితే రెండు పనులూ చెడతాయి. తెల్లబడటానికో మొటిమలకో స్టెరాయిడ్ కలిసిన క్రీమును ముఖానికి చాలాకాలం వాడినవారి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది, మానగానే ముఖం భగ్గుమంటుంది. అటువంటివారు వైద్యుల పర్యవేక్షణలో దాన్ని మానడమే మొదటి పని, వయసు ఛాయల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

వయసు ఎక్కడ పడుతుంది, మంట ఎక్కడ పుడుతుంది

ఈ రెండూ చర్మంలో వేర్వేరు లోతుల్లో జరుగుతాయి. చర్మం బిగువుకు ఆధారమైన కొలాజెన్, సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ లోపలి పొర అయిన డెర్మిస్‌లో ఉంటాయి. యౌవనం దాటాక కొలాజెన్ ఏటా దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. స్త్రీలలో ముట్లుడిగాక తొలి కొన్నేళ్లలో ఈ తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది. ఇది సహజంగా జరిగేది. దీని మీద ఎండ తెచ్చే నష్టం వేరు. అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు చర్మకణాలు మాట్రిక్స్ మెటలోప్రొటినేజ్‌లు అనే ఎంజైములను విడుదల చేస్తాయి. అవి కొలాజెన్ పోగులను తెంచేస్తాయి. ఒంటి మీద ఎండ ఎరగని చోట, ఉదాహరణకు పై చేయి లోపలివైపు, చర్మాన్ని అదే మనిషి మెడ చర్మంతో పోల్చి చూసుకుంటే వయసు చేసిన పనేదో, ఎండ చేసిన పనేదో అద్దం ముందు నిలబడి ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

మంట పుట్టేది మాత్రం పై పొరలో. చర్మానికి అన్నిటికంటే పైన ఉండే స్ట్రేటమ్ కార్నియమ్ మందం ముఖం మీద ఒక మిల్లీమీటరులో నూరింట ఒక వంతు మొదలుకొని నూరింట రెండు వంతుల వరకు ఉంటుంది. జీవం లేని చదునైన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పూడి ఉంటాయని 1980లలో పీటర్ ఇలయాస్ వివరించారు. ఆ సున్నం పలచబడితే నీరు బయటికి ఆవిరైపోతుంది, బయటి రసాయనాలు లోపలి నాడీ తంతువుల దాకా సులువుగా దిగుతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ కొవ్వుల ఉత్పత్తి కూడా తగ్గుతుంది కనుక, ఇరవైల్లో ఏదైనా తట్టుకున్న ముఖం నలభై దాటాక ఉన్నట్టుండి అన్నిటికీ మండడం మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి పని వరుస దానంతట అదే తేలుతుంది. ముందు పై పొరను బాగుచేయాలి, తర్వాత ఎండ నుంచి కాపాడాలి, ఆ రెండూ కుదిరాకే లోపలి పొర మీద పనిచేసే పదార్థాన్ని ఒక్కొక్కటిగా తేవాలి.

తొలి నెల: తగ్గించుకోవడం

మొదటి నాలుగు వారాలు ముఖానికి మూడే వస్తువులు వాడాలి: ఒక తేలికపాటి క్లెన్సర్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్. టోనర్లు, స్క్రబ్బులు, పీల్ ప్యాడ్లు, సీరంలు, సువాసన నూనెలు అన్నీ అలమరలోకి వెళ్లాలి. నాలుగు వారాలే ఎందుకంటే బాహ్యచర్మం అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి యువతలో సుమారు 4 వారాలు పడుతుంది, వయసు మళ్లినవారిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. పెద్దవారు ఈ దశను ఆరు వారాలకు పొడిగించుకున్నా నష్టం లేదు.

ఆరోగ్యకరమైన చర్మం ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణంతో, పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా పోతుంది. ఆ క్షారగుణం కణాల మధ్యనున్న కొవ్వును కరిగించడమే కాక, ఆ కొవ్వును తిరిగి తయారుచేసే ఎంజైములకు కూడా అడ్డుపడుతుంది. అందుకే నురగ తక్కువగా ఉండే, సబ్బు కాని క్లెన్సర్‌ను రాత్రి ఒక్కసారి వాడి, ఉదయం గోరువెచ్చని నీటితో కడుక్కుంటే చాలు. మరీ వేడినీళ్లు వద్దు. తువాలుతో రుద్దకుండా అద్దాలి, ముఖం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి.

మాయిశ్చరైజర్ ఎంచుకునేటప్పుడు సీసా ముందువైపు రాతలు వదిలేసి వెనుకవైపు చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోవాలి. గ్లిసరిన్ జాబితాలో పైనే కనిపించాలి, అది నీటిని పట్టి ఉంచుతుంది. సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు మూడూ కలిసి ఉంటే మరీ మంచిది. పెట్రోలాటం (పెట్రోలియం జెల్లీ), డైమెథికోన్ వంటివి పైన పొరలా నిలిచి నీరు ఆవిరి కాకుండా ఆపుతాయి. వీటిలో పెట్రోలాటాన్ని మించింది లేదు. ధర ఎంత అన్నదానికీ ఈ పనితీరుకూ సంబంధం దాదాపు లేదు. ఇక కనిపించకూడనివి: సువాసన, సుగంధ తైలాలు, మెంథాల్, జాబితా మొదట్లోనే ఉండే ఆల్కహాల్ డీనాట్. ‘వాసన లేదు’ అని రాసినదీ ‘సువాసన కలపలేదు’ అని రాసినదీ ఒకటే అనుకోకండి. మొదటి రకంలో పదార్థాల సహజ వాసనను కప్పిపుచ్చడానికి మరో సువాసన కలిపే వీలుంది. ‘హైపోఅలర్జెనిక్’ (అలర్జీ తెచ్చే అవకాశం తక్కువ) అన్న ముద్రకు అమెరికాలో చట్టబద్ధమైన ప్రమాణమేదీ లేదు, దాన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే సంరక్షకం (క్రీము చెడిపోకుండా కలిపే పదార్థం) ఎంతమందికి అలర్జీ తెచ్చిందంటే, రాసి వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని వాడకూడదని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. ‘సహజం’, ‘మూలికా’ అన్న మాటలకు కూడా సున్నిత చర్మం మర్యాద ఇవ్వదు. లావెండర్, నిమ్మ, టీట్రీ నూనెలు ప్రకృతి ఇచ్చినవే, అలర్జీకి పేరు మోసినవి కూడా.

నెల గడిచాక పరీక్ష చాలా సులువు. ముఖం కడుక్కుని ఏమీ రాయకుండా కాసేపు ఉంటే బిగుతు అనిపించకూడదు. మాయిశ్చరైజర్ రాసినప్పుడు ఎక్కడా చురుక్కుమనకూడదు. ఈ రెండూ కుదరకపోతే తర్వాతి మెట్టు ఎక్కవద్దు, మరికొన్ని వారాలు ఇక్కడే ఉండండి.

సన్‌స్క్రీన్: సగానికి పైగా పని ఇక్కడే పూర్తవుతుంది

ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 1992 నుంచి 1996 వరకు 900 మందికి పైగా పెద్దల మీద ఒక పరీక్ష జరిగింది. అందరూ 55 ఏళ్ల లోపువారే. ఒక వర్గం రోజూ తప్పక సన్‌స్క్రీన్ రాసుకోవాలి, మరొక వర్గం తమకు తోచినప్పుడు రాసుకోవచ్చు. చేతి వెనుకవైపు చర్మానికి అచ్చులు తీసి గీతల లోతును పోల్చారు. నాలుగున్నరేళ్ల తర్వాత రోజూ రాసుకున్నవారిలో చర్మం ముదిరిన తీరు రెండో వర్గం కంటే 24 శాతం తక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ముడతలు రాకుండా ఆపే సాధనం ఏదని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు ఇదే. సీరంల మీద పెట్టే ఖర్చును దీని మీద పెట్టడం మంచిది.

కిటికీ అద్దం వెనుక కూర్చున్నంత మాత్రాన రక్షణ దొరకదు. అతినీలలోహిత కిరణాల్లో ఎండ మంటకు ప్రధాన కారణమైన యూవీబీని అద్దం చాలావరకు ఆపుతుంది గానీ, డెర్మిస్ దాకా దిగే యూవీఏని అంతగా ఆపదు. అమెరికాలో 28 ఏళ్లు సరుకు బండి నడిపిన 69 ఏళ్ల వ్యక్తి ఫొటో ఒకటి 2012లో వైద్య పత్రికలో వచ్చింది. డ్రైవరు కిటికీ వైపున్న ఎడమ చెంప మందంగా లోతైన ముడతలు పడి ఉంటే, కుడి చెంప అంతకంటే ఎన్నో ఏళ్లు చిన్నదిగా కనిపిస్తుంది. ఒకే ముఖం, ఒకే వయసు.

సున్నితమైన చర్మానికి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి ఖనిజ ఫిల్టర్లు ఉన్న సన్‌స్క్రీన్ సాధారణంగా తక్కువ ఇబ్బంది పెడుతుంది. యూవీఏ విషయంలో ఈ రెండిటిలో జింక్ ఆక్సైడ్‌దే పైచేయి. ఇవి చామనఛాయ ముఖం మీద బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తాయన్న ఫిర్యాదు నిజమే. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన రంగు సన్‌స్క్రీన్ ఈ లోపాన్ని తీరుస్తుంది. పైగా చామనఛాయ, నలుపు చర్మాల్లో నల్లమచ్చలను ముదిరేలా చేసే దృశ్య కాంతిని కూడా ఐరన్ ఆక్సైడ్లు అడ్డుకుంటాయి, ఆ పని మామూలు సన్‌స్క్రీన్ అంతగా చేయదు. ఎస్‌పీఎఫ్ (ఎండ మంట నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ, యూవీఏ రక్షణ గుర్తు గానీ ‘పీఏ’ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు గానీ ఉన్నది చూసుకోవాలి.

మోతాదు దగ్గరే అందరూ పొరపడతారు. ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్‌ను కొలిచేటప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాస్తారు. నిత్యజీవితంలో జనం రాసుకునేది అందులో పావు నుంచి సగం దాకానే. చూపుడు వేలు, నడిమి వేలు చాపి రెండిటి మీదా మొదలు నుంచి కొస దాకా గీతల్లా పిండితే ముఖానికీ మెడకూ కలిపి దాదాపు సరిపోతుంది. ఒకేసారి అంత పట్టించలేకపోతే సగం రాసి, అది ఆరాక మిగతా సగం రాయండి. కళ్లలోకి జారి మండుతుంటే కంటి చుట్టూ మాత్రం కర్రలా గట్టిగా వచ్చే ఖనిజ సన్‌స్క్రీన్ వాడవచ్చు. ఎండలో పనిచేసేవారు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చర్మం ఏ సన్‌స్క్రీన్‌నూ ఒప్పుకోకపోతే వెడల్పు అంచు టోపీ, గొడుగు, దట్టమైన బట్ట చాలా పని చేస్తాయి, వాటికి అలర్జీ భయం లేదు.

కొత్తదాన్ని పరీక్షించి తీసుకోవడం

ముఖానికి ఏ కొత్త వస్తువు రాసే ముందైనా మోచేతి మడతకు కొంచెం కింద, లోపలివైపు, ఒక రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం నుంచి పది రోజులు రాసి చూడాలి. ఒక్కరోజు రాసి చూడటం ఎందుకు చాలదంటే, అలర్జీ ప్రతిచర్య రోగనిరోధక కణాల ద్వారా నిదానంగా వస్తుంది. అది బయటపడటానికి 2 నుంచి 4 రోజులు పట్టవచ్చు, కొత్తగా అలర్జీ పుట్టాల్సి వస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. చేతి మీద నెగ్గాక దవడ కింద మరో మూడు రోజులు చూసి, అప్పుడు ముఖానికి తేవాలి. రెటినాల్, ఆమ్లాలు వంటివాటిని మాత్రం చేతి మీద కూడా రోజుకు ఒక్కసారే రాయాలి, అలా చేయకపోతే అలర్జీ లేకపోయినా చర్మం ఎర్రబడి తప్పుదారి పట్టిస్తుంది. ఒకసారికి ఒక్క వస్తువే తేవాలి, రెండిటి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. రెండు వస్తువులు ఒకే వారంలో మొదలుపెట్టి ముఖం ఎర్రబడితే దోషి ఏదో తేల్చడం ఎవరి వల్లా కాదు.

కనురెప్పల మీద దద్దుర్లు వచ్చినప్పుడు కంటి క్రీమునే అనుమానించకండి. షాంపూ, జుట్టు రంగు, గోళ్ల రంగు కూడా కనురెప్పల్ని దెబ్బతీస్తాయి. గోళ్లకు రంగు వేసుకున్న వేళ్లతో కన్ను నలుపుకుంటే వేలి దగ్గర ఏమీ కాదు, రెప్ప మాత్రం వాచిపోతుంది. రెప్ప చర్మం అంత పలచన.

రెటినాల్‌ను అలవాటు చేసుకునే తీరు

లోపలి పొరలో కొత్త కొలాజెన్‌ను పెంచే పదార్థాల్లో రెటినాయిడ్లకు ఉన్నంత ఆధారం మరి దేనికీ లేదు. ఇవన్నీ విటమిన్ ఏ కుటుంబమే. చర్మకణాల్లోని గ్రాహకాలకు నేరుగా అతుక్కునేది రెటినోయిక్ ఆమ్లం, దాన్నే ట్రెటినాయిన్ అంటారు. ఇది వైద్యుల చీటీతో వాడే మందు. రెటినాల్ చర్మంలోకి వెళ్లాక మొదట రెటినాల్డిహైడ్‌గా, తర్వాత రెటినోయిక్ ఆమ్లంగా మారుతుంది. రెటినైల్ పాల్మిటేట్ ఇంకొక మెట్టు వెనుక ఉంటుంది. మెట్టు మెట్టుకూ కొంత నష్టపోతుంది కనుక వెనుక మెట్టువి బలహీనం, అంతే నెమ్మది కూడా. సున్నితమైన చర్మం రెటినాల్‌తోనో రెటినాల్డిహైడ్‌తోనో మొదలుపెట్టడం మేలు. రెటినాల్ 0.1 శాతం లోపు చాలు. ముఖానికి వాడే ఉత్పత్తుల్లో రెటినాల్ 0.3 శాతం మించకూడదని యూరోపియన్ యూనియన్ 2024లో నిబంధన తెచ్చింది. అంతకు మించినదాన్ని వెతుక్కునే అవసరం మీకు లేదు. ఒక శాతం అని గొప్పగా ముద్రించిన సీసాలు సున్నిత చర్మం ఉన్నవారి కోసం చేసినవి కావు.

రోజూ రాయనవసరం లేదనడానికి కూడా ఒక మంచి ఆధారం ఉంది. 2007లో వెలువడిన ఒక పరీక్షలో సగటున 87 ఏళ్ల వయసున్న వృద్ధుల పై చేతి లోపలివైపు 0.4 శాతం రెటినాల్ లోషన్‌ను వారానికి మూడుసార్లకు మించకుండా 24 వారాలు రాశారు. సన్నని ముడతలు తగ్గాయి, కొలాజెన్‌కు ముందు రూపమైన ప్రోకొలాజెన్ పెరిగింది. ఎండ ఎరగని చోట, ఆ వయసులో, వారానికి మూడుసార్లతోనే ఆ ఫలితం వచ్చింది.

రాసే తీరు ఇలా ఉండాలి. రాత్రి ముఖం కడుక్కుని తువాలుతో అద్దాక పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. చెమ్మగా ఉన్న చర్మంలోకి రెటినాల్ త్వరగా దిగి ఎక్కువ మండిస్తుంది. ముందుగా మాయిశ్చరైజర్ పలచగా రాయండి. ముక్కుపుటాల పక్క మడతల్లో, నోటి మూలల్లో, కంటి మూలల్లో పెట్రోలాటం వేలికొసతో అద్దండి, ఎందుకంటే మందు జారి చేరేదీ ముందుగా పొట్టు రేగేదీ అక్కడే. ఇప్పుడు బఠాణీ గింజంత రెటినాల్ తీసుకుని నుదుటి మీద, రెండు చెంపల మీద, ముక్కు మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి, ఆ చుక్కల్ని బయటివైపు పలచగా లాగండి. ముఖమంతటికీ ఆ ఒక్క గింజే. చివరగా మళ్లీ మాయిశ్చరైజర్. ఇలా కింద ఒక పొర, పైన ఒక పొర ఉండటం వల్ల మందు బలం కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి, మొదటి నెలల్లో మనకు కావలసింది అదే.

మొదటి నెల వారానికి ఒక్క రాత్రి, రెండో నెల రెండు రాత్రులు, మూడో నెల నుంచి మూడు రాత్రులు. చాలామంది అక్కడే ఆగిపోవచ్చు. మొదటి వారాల్లో కొద్దిపాటి పొడితనం, అక్కడక్కడ పొలుసు సహజం. రాసిన రెండో రోజుకు కూడా ఎర్రదనం తగ్గకపోయినా, మామూలు నీళ్లకే ముఖం మండినా ఒక మెట్టు దిగండి. ఒక మెట్టు అంటే రాత్రుల సంఖ్య తగ్గించడం, అదీ చాలకపోతే రాసిన అరగంటకు కడిగేయడం. ఫలితం కంటికి కనబడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదట చర్మం నునుపు మారుతుంది, తర్వాత రంగు తేడాలు సర్దుకుంటాయి, సన్నని గీతలు చివరగా తగ్గుతాయి. లోతైన ముడతలు క్రీములతో పోతాయని ఎవరు చెప్పినా నమ్మనవసరం లేదు.

గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రెటినాయిడ్లు ఏ రూపంలోనూ వాడకూడదు. సీసా గాలి చొరని, వెలుగు దూరని రకం అయి ఉండాలి, ఎందుకంటే రెటినాల్ ఈ రెండిటికీ త్వరగా చెడిపోతుంది. వెడల్పు మూతి డబ్బాలో వచ్చే రెటినాల్ క్రీము కొనడం డబ్బు దండగ.

రెటినాల్ పడనివారికి

కొందరికి ఎంత నిదానంగా మొదలుపెట్టినా రెటినాల్ సరిపడదు. వారికి నేను మొదట సూచించేది నియాసినమైడ్, అంటే విటమిన్ బీ3. అది చర్మంలో సెరమైడ్ల తయారీని పెంచుతుంది, అంటే మంట తగ్గించే పనీ వయసు ఛాయలు తగ్గించే పనీ కలిపి చేస్తుంది. 5 శాతం నియాసినమైడ్‌తో 12 వారాల్లో సన్నని గీతలు, మచ్చలు, పసుపు ఛాయ తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. 10 శాతం సీరంలు బజారులో మోజుగా ఉన్నాయి గానీ అవి కొన్ని ముఖాలను ఎర్రబరుస్తాయి. 2 నుంచి 5 శాతం మధ్య ఆగడం క్షేమం.

బాకుచియోల్ బావంచాల మొక్క నుంచి తీసే పదార్థం. 2019లో 44 మందితో 12 వారాలు చేసిన పరీక్షలో 0.5 శాతం బాకుచియోల్ అదే శాతం రెటినాల్‌తో సమానంగా ముడతలు, మచ్చలు తగ్గించింది, పొట్టూ చురుకూ రెటినాల్ వాడినవారిలోనే ఎక్కువ కనిపించాయి. పరీక్ష చిన్నదే అయినా ఆశాజనకమైనదే. కానీ ఒక హెచ్చరిక తప్పనిసరి: బావంచాల గింజల నూనెను నేరుగా ముఖానికి రాయకండి. అందులో సోరాలెన్లు ఉంటాయి. అవి ఎండ తగలగానే చర్మాన్ని కాల్చి నల్లగా కమిలిపోయేలా చేస్తాయి. శుద్ధి చేసిన బాకుచియోల్, పచ్చి నూనె ఒకటి కావు.

విటమిన్ సీలో ఆధారం ఎక్కువగా ఉన్న రూపం ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం. చిక్కేమిటంటే అది చర్మంలోకి దిగాలంటే ద్రావణం పీహెచ్ 3.5 లోపు ఉండాలి, ఆ పులుపే సున్నిత చర్మాన్ని చురుక్కుమనిపిస్తుంది. చర్మంలోకి చేరాక అది సగానికి తగ్గడానికి 4 రోజుల దాకా పడుతుందని 2001లో పిన్నెల్ బృందం చూపింది. అంటే రోజు విడిచి రోజు రాసినా పెద్దగా పోగొట్టుకునేదేమీ లేదు. 10 శాతం తీసుకుని అలా మొదలుపెట్టవచ్చు. రంగు ముదురు గోధుమకు తిరిగితే ఆ సీసా పారేయాలి. అది కూడా పడకపోతే మంట తక్కువగా ఉండే విటమిన్ సీ రూపాంతరాలు ఉన్నాయి, వాటికి ఆధారం కూడా తక్కువే. రొసేసియా వంటి ఎర్రదనం, మచ్చలు రెండూ ఉన్నవారికి అజెలాయిక్ ఆమ్లం మంచి దారి, తొలి వారాల్లో కొద్దిగా దురద పెడుతుంది. గర్భిణులకు కూడా వైద్యులు దీన్ని సాధారణంగా అనుమతిస్తారు.

గ్లైకోలిక్ ఆమ్లం అణువు చాలా చిన్నది కనుక వేగంగా దిగి వేగంగా మండిస్తుంది, ఎండకు చర్మాన్ని బలహీనపరుస్తుంది. ఆమ్లమే కావాలనుకుంటే అణువు పెద్దదైన గ్లూకోనోలాక్టోన్‌ను వారానికి ఒకసారి చూడవచ్చు, అదీ రెటినాల్ రాయని రాత్రి. పెప్టైడ్ల (ప్రోటీన్లలోని చిన్న గొలుసుల) వల్ల పెద్దగా హాని ఉండదు, ఆధారమూ అంతంత మాత్రమే. కొలాజెన్ క్రీముల సంగతి ఒక్క లెక్కతో తేలిపోతుంది. చర్మంలోకి దిగాలంటే అణుభారం 500 డాల్టన్ల లోపు ఉండాలన్నది స్థూలమైన సూత్రం. రెటినాల్ 286, కొలాజెన్ సుమారు 3 లక్షలు. అది పైనే మాయిశ్చరైజర్‌లా కూర్చుంటుంది, అంతకు మించి ఏమీ చేయదు.

ముఖం తిరగబడితే

ముఖం ఒక్కసారిగా ఎర్రబడి మండితే ముందు చల్లని నీటితో కడిగి, చల్లని నీటిలో తడిపి పిండిన మెత్తని బట్టను పది నిమిషాలు కప్పండి. ఐసు నేరుగా పెట్టవద్దు. కొత్తగా తెచ్చిన వస్తువే కాదు, సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్ తప్ప మిగతా అన్నీ ఆపేయండి. ఆ మాయిశ్చరైజర్ కూడా మండితే పెట్రోలాటం ఒక్కటే రాయండి. ఈ రోజుల్లో ఎండకు బయటికి పోతే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే చామనఛాయ, నలుపు చర్మాల్లో ఎర్రదనం తగ్గాక అదే చోట నల్లమచ్చ మిగులుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. ముడత తగ్గించుకోబోయి మచ్చ తెచ్చుకోవడం ఇలాగే జరుగుతుంది. పూర్తిగా శాంతించాక మరో రెండు వారాలు ఆగి, ఇదివరకటి మోతాదులో సగంతో మళ్లీ మొదలుపెట్టండి.

కళ్లు, పెదవులు వాచినా, పొక్కులు లేచి నీరు కారినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా వైద్య సహాయం పొందాలి. అంత తీవ్రం కాకపోయినా, మూడు నాలుగు వేర్వేరు వస్తువులకు ఒకేలా దద్దుర్లు వస్తుంటే వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న ఒక సువాసనో సంరక్షకమో కారణం అయి ఉండవచ్చు. చర్మవైద్యులు ప్యాచ్ టెస్ట్‌లో అనుమానిత పదార్థాలను వీపు మీద అంటించి, 48 గంటలకు తీసి, మళ్లీ ఒకటి రెండు రోజుల తర్వాత చూసి దాన్ని గుర్తిస్తారు. పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు వాడే వస్తువులన్నిటినీ, షాంపూ, గోళ్ల రంగుతో సహా, పదార్థాల జాబితా ఉన్న అట్టపెట్టెలతోనే తీసుకెళ్లండి. అట్టపెట్టె పారేసి ఉంటే సీసా వెనుక భాగాన్ని అక్షరాలు కనబడేలా ఫోనులో ఫొటో తీసుకోండి.